చాదస్తం అని సరిపెట్టుకున్నాం

మా పిన్ని చేతులు కడుక్కోవడం మొదలుపెడితే పెరట్లో గోళెం సగం ఖాళీ అయ్యేది. కూరగాయల సంచి తాకినా, కరెంటు బిల్లు ఇచ్చే మనిషి గడపదాకా వచ్చి వెళ్ళినా మోచేతుల వరకు సబ్బు రుద్ది, లెక్కపెట్టుకుంటూ కడిగేది. మధ్యలో ఎవరైనా పలకరించి లెక్క తప్పిస్తే మళ్ళీ మొదటినుంచి. మడీ ఆచారాల ఇల్లు కావడంతో దానికి చాదస్తమని పేరు పెట్టి చాలా ఏళ్ళు సరిపెట్టుకున్నాం. వేళ్ళ సందుల్లో చర్మం చిట్లి నెత్తురు వస్తున్నప్పుడు చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకువెళితే, ఆయన పూతమందు రాసి, ముందు సైకియాట్రిస్టుకు చూపించమన్నారు.

ఆ జబ్బు పేరు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, వాడుకలో ఓసీడీ. మడి కట్టుకున్న మనిషికి పని ముగిశాక తృప్తి మిగులుతుంది. పిన్నికి మిగిలేది అనుమానమే. అక్కర్లేని ఆలోచన ఒకటి పిలవకుండా వస్తుంది, దానితో భయం పెరుగుతుంది, చేతులు కడిగితే కాసేపు తగ్గుతుంది, ఆ కాసేపటి ఉపశమనమే మరోసారి కడగమని మెదడుకు నేర్పుతుంది. అర్థం లేని పని చేస్తున్నానని రోగికి చాలావరకు తెలిసే ఉంటుంది కనుక, "ఆ మాత్రం తెలియదా" అని మనం మందలించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అందరికీ ఇది శుభ్రత రూపంలోనే రాదు. తాళం వేశానా లేదా అని వీధి చివరినుంచి పదిసార్లు వెనక్కి వచ్చేవారున్నారు. దేవుడి పటం ముందు నిలబడగానే నోట పలకరాని మాట మనసులో మెదిలి కుమిలిపోయేవారు, చంటిబిడ్డను ఎత్తుకుంటే తానే ఏమైనా చేస్తానేమోనని బెదిరి దూరంగా జరిగే తల్లులు కూడా ఉంటారు. అలాంటి ఆలోచన కోరికకు గుర్తు కాదు, అది ఆ మనిషికి పరమ అసహ్యమైనది కనుకనే అంతగా పీడిస్తుంది. ఇటువంటివారు సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక ఏళ్ళకేళ్ళు గడిపేస్తారు, చెప్పుకుంటే తాయెత్తు కట్టించేవారే ఎక్కువ.

చికిత్సకు రెండు దారులున్నాయి, చాలాసార్లు రెండూ కలిపే నడుపుతారు. సెర్ట్రలిన్, ఫ్లూవాక్సమిన్ వంటి మందులు నిద్రమాత్రలు కావు. వీటిని దిగులు జబ్బుకు ఇచ్చేదానికంటే తరచుగా ఎక్కువ మోతాదులో ఇవ్వవలసి వస్తుంది, గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మూడో వారానికే "ఏం లాభం లేదు" అని మానేయించబోయింది మా బాబాయి. డాక్టరు గట్టిగా చెప్పకపోతే మానేసేవాళ్ళమే.

రెండోది ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, అంటే భయానికి ఎదురు నిలిచి అలవాటైన పనిని ఆపుకునే సాధన. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఇద్దరు రోగులపై ఈ తరహా పద్ధతిని ప్రయత్నించి ఫలితాలు ప్రచురించాడు. ఈనాటి చికిత్సకు అదే పునాది. భయపెట్టేవాటిని తక్కువనుంచి ఎక్కువకు మెట్లుగా రాసుకుని, ఒక్కో మెట్టు దగ్గర భయాన్ని ఎదుర్కొంటూ, అలవాటైన పని మాత్రం చేయకుండా నిలవాలి. పిన్ని మొదటి మెట్టు తలుపు గడియ. గడియ ముట్టుకుని, చేతులు కడగకుండా కుర్చీలో కూర్చుంది. మొదట చెమటలు పట్టాయి, కళ్ళనీళ్ళు తిరిగాయి, ముప్పావు గంటకు భయం దానంతటదే దిగింది. కడగకుండానే దిగుతుందన్న సంగతిని మెదడు అనుభవంతో నేర్చుకోవాలి, ఎవరు చెప్పినా నేర్చుకోదు. కొందరిలో భయం అంత తొందరగా దిగకపోయినా, అనుకున్న ప్రమాదం జరగలేదన్న ఎరుక మిగులుతుంది.

నన్ను కలవరపెట్టిన మాట మాత్రం సైకాలజిస్టు మా వైపు తిరిగి అన్నది. సబ్బులు తెచ్చి పెట్టింది మేమే, నీళ్ళు తోడిపోసింది మేమే, "శుభ్రంగానే ఉన్నాయి పిన్నీ" అని రోజుకు ఇరవైసార్లు భరోసా ఇచ్చింది నేనే. ప్రేమతో చేసిన ఆ సాయమంతా జబ్బుకే మేత అయింది. చికిత్సలో మా వంతు, జవాబు చెప్పకుండా పక్కన కూర్చోవడం. కసురుకోకుండా ఆ పని చేయడం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది.

ఎవరిని అడగాలో తెలియనివారికి కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సహాయ సేవ ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

పిన్నికి పూర్తిగా నయమైందని చెప్పను. మందు కొనసాగుతోంది, పరీక్షల కాలంలో పిల్లల చదువు గురించి బెంగపడితే కడగడం కొంచెం పెరుగుతుంది. మొన్న సంక్రాంతికి అరిసెల పిండి కలిపి, ఒక్కసారి చేతులు కడుక్కుని, "శుభ్రంగానే ఉన్నాయంటావా?" అని నా వైపు చూసింది. నేను పలకలేదు. కాసేపు చూసి, మూకుడు పొయ్యిమీద పెట్టింది.