మా కుందేలు దువ్వించుకోనంటే...

మా కుందేలు పేరు దూది. అంగోరా కలిసిన జాతి, ఒళ్లంతా పొడుగాటి మెత్తటి బొచ్చు, వారం రోజులు వదిలేస్తే చెవుల వెనకా తోక దగ్గరా ఉండలు కట్టేస్తుంది. ముద్దొచ్చిందని తెచ్చుకున్నాం గానీ ఈ చాకిరీ సంగతి అప్పుడు ఎవరూ చెప్పలేదు.

బ్రష్ కనబడితే చాలు, వెనక్కాలితో నేలని ధబ్బుమని కొట్టి సోఫా కింద దూరేది. ఒకసారి తువ్వాల్లో చుట్టి మా ఆయన పట్టుకుంటే నేను దువ్వబోయాను, ఒక్క తన్ను తన్నిందంతే, మణికట్టు నుంచి మోచేతి దాకా గీరుకుపోయింది. నా చెయ్యి సరే, కుందేలు కాళ్లలో బలం ఎక్కువ, ఎముకలు తేలిక, అలా గింజుకుంటే దాని నడుమే విరగొచ్చని డాక్టరు చెప్పాక నాకు వణుకొచ్చింది. వెల్లకిలా పడుకోబెడితే కదలదని వీడియోలో చూసి అదీ చేశాను. కదల్లేదు, నిజమే. భయంతో బిగుసుకుపోయిందని తర్వాత తెలిసింది, ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది.

పోనీ వదిలేద్దామంటే, ఫిబ్రవరి చివర్లో బొచ్చు రాలడం మొదలైంది. ఒళ్లు నాక్కుంటూ అదంతా మింగుతుంది, పిల్లిలా కక్కలేదు. ఓ పొద్దున చూస్తే పెంటికలు వెంట్రుకకి గుచ్చిన పూసల దండలా వచ్చాయి. పేగులు మందగించి పూట పూటంతా తినకపోతే ప్రాణం మీదికే వస్తుంది కాబట్టి గడ్డి ఎక్కువ వేశాను, కానీ దువ్వడం తప్పదని అర్థమైంది. "శుభ్రంగా నీళ్లు పోసెయ్యవే" అంది అమ్మ. అది అస్సలు కూడదు, తడిస్తే ఆ బొచ్చు ఓ పట్టాన ఆరదు, చలికీ భయానికీ కుందేళ్లు బెంబేలెత్తిపోతాయి.

దారి అనుకోకుండా దొరికింది. కొత్తిమీర కడిగి ఓ కాడ అందిస్తూ తడి చేత్తోనే వీపు నిమిరాను. అరచేతికి బొచ్చు ముద్దలా అంటుకొచ్చింది, అది మాత్రం నములుతూనే ఉంది!

అప్పట్నుంచి ఒళ్లోకి ఎత్తుకోవడం మానేశాను. నేలమీద కూర్చుంటాను, అదే వస్తుంది. చెయ్యి కొంచెం తడుపుకుని ముందు నుదురు నిమిరి, కళ్లు సగం మూశాక వీపు మీదికి వెళ్తాను. మొదట్లో రెండు నిమిషాలు, కాలు కొట్టిందంటే ఆ రోజుకి బంద్. పది రోజులకి మెత్తటి రబ్బరు బ్రష్‌ని కూడా ఒప్పుకుంది. ఉండలకి కత్తెర మాత్రం పెట్టొద్దు, చర్మం పల్చగా ఉండి ఉండతో పాటే పైకి లేచొస్తుంది, నేను ఒకసారి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాను. చిటికెడు కార్న్‌ఫ్లోర్ రాసి వేళ్లతో చీలుస్తూ పోతే ఓపిక పడుతుంది గానీ విడిపోతాయి.

పొట్ట కింద మాత్రం ఇప్పటికీ చెయ్యి పెట్టనివ్వదు. దానికి డాక్టరు దగ్గరికే తీసుకెళ్తున్నాను.