ఓడలో ఏ క్లాసు?

కార్తీక సోమవారం, రాత్రి పదిన్నర

అమ్మ ఇప్పుడే పడుకుంది. పొద్దుటి నుంచి ఉపవాసం, చుక్కను చూశాకే ముద్ద. ఎనభై దాటాక ఇవన్నీ ఎందుకమ్మా అంటే వినదు. దానికి తోడు ఇవాళే బ్యాంకు పని.

నవంబరు వచ్చిందంటే మా ఇంట్లో లైఫ్ సర్టిఫికెట్ టెన్షన్. నాన్న తర్వాత వస్తున్న ఫ్యామిలీ పెన్షన్ ఆగకూడదంటే, అమ్మ బతికే ఉందని ఏటా ఒకసారి రుజువు చెయ్యాలి. స్కూల్లో సగం రోజు సెలవు పెట్టి ఆటోలో తీసుకెళ్లాను. (నా తెలుగు క్లాసులో ఈ ఏడాది ఏడుగురే పిల్లలు. సగం రోజు నేను లేకపోయినా కొంపలేం మునగవు.) వేలిముద్ర పడలేదు. అప్పడాలు ఒత్తీ ఒత్తీ గీతలు అరిగిపోయాయంటుంది అమ్మ. పది వేళ్లూ అయ్యాక, చివరికి ఫోన్‌కి మొహం చూపించి కళ్లు ఆర్పితే గానీ ఆవిడ బతికున్నట్టు తేలలేదు. ఆ కుర్రాడు ఒడియాలో అడుగుతాడు, అమ్మ తెలుగులో చెబుతుంది, పని జరిగిపోతుంది. బరంపురంలో ఇది మామూలే.

తిరిగొస్తుంటే పెద్దబజారు దగ్గర ఆటో ఆపమంది. రోడ్డు పక్కన చిన్న చిన్న పడవలు అమ్ముతున్నారు. థర్మోకోల్‌వి, రంగు కాయితాలవి, అరటి దొప్పలవి. పున్నమి తెల్లవారుజామున ఒడియావాళ్లు చెరువుల్లో వదిలే బొయితాలు. ఒకప్పుడు కళింగ వర్తకులు ఈ కాలంలోనే బాలి, జావా, సుమత్రాల వైపు తెరచాపలెత్తేవారట, దానికి గుర్తు. మనం పోలి పాడ్యమికి అరటి దొప్పల్లో దీపాలు వదులుతాం, వాళ్లు ఏకంగా ఓడే వదులుతారు. ఎనభై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్న అమ్మ ఎప్పుడూ పడవ కొనలేదు. ఇవాళ బేరమాడి మరీ కొంది.

"ఎవరికమ్మా?" అంటే, "మన గుంటకి. అది సముద్రం మీదుంది కదా" అంది.

గుంట అంటే బుజ్జి, మా అన్నయ్య కూతురు. అమెరికాలో పుట్టి పెరిగింది. ఇప్పుడు డిగ్రీలో ఒక సెమిస్టర్ మొత్తం ఓడ మీదే చదువుతోంది. సెమిస్టర్ ఎట్ సీ అంటారు. అన్నయ్య మొదట ఫోన్లో చెప్పినప్పుడు, చదువు పేరు చెప్పి విహారయాత్రకి డబ్బు తగలేస్తున్నారనుకున్నాను. ఇప్పటికీ కొంత అలాగే అనుకుంటున్నాను. కానీ అది చెప్పే సంగతులు వింటుంటే కుళ్లుగానూ ఉంది.

మూడున్నర నెలల పైచిలుకు ప్రయాణం. ఓడ నడుస్తున్నన్నాళ్లూ క్లాసులు, రేవులో ఆగితే క్లాసుల్లేవు, ఊరు చూడాలి. అక్కడ కూడా ఒక్కో సబ్జెక్టుకి ఒక రోజు టీచరుతో బయటికెళ్లి చూసొచ్చే పాఠం ఉంటుంది. వారాల లెక్క లేదు. 'ఎ' రోజు కొన్ని సబ్జెక్టులు, 'బి' రోజు మిగతావి. ఓడ తూర్పుకి వెళ్తోంది కాబట్టి కొన్ని రాత్రులు గడియారం గంట ముందుకి జరుపుతారట, ఆ మేరకి నిద్ర పోయినట్టే. వాళ్ల ఓడ పేరు వరల్డ్ ఒడిస్సీ. 1998లో జర్మనీలో కట్టినప్పుడు దాని పేరు డాయిచ్‌లాండ్. ఈ చదువు 1963లో యూనివర్సిటీ ఆఫ్ ది సెవెన్ సీస్ అనే పేరుతో మొదలైందట. అసలు అంతకు ముందే, 1926లో, రిండామ్ అనే ఓడలో ఐదొందల మంది దాకా అమెరికా విద్యార్థులు ప్రపంచం చుట్టొచ్చారు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షతో పోరాడిన డెస్మండ్ టుటు కూడా ఈ కాలేజీ ఓడెక్కి పిల్లలతో ప్రయాణం చేశారని బుజ్జి గొప్పగా చెప్పింది.

అమ్మకి చెప్పని కథ ఒకటుంది. 1970లో ఒక చైనా ఓడల వ్యాపారి క్వీన్ ఎలిజబెత్ అనే పెద్ద ఓడని ఇలాంటి కాలేజీగా మార్చాలని కొన్నాడు. సీవైజ్ యూనివర్సిటీ అని పేరు కూడా పెట్టాడు. 1972 జనవరిలో హాంకాంగ్ రేవులో అది తగలబడిపోయింది. ఇది గానీ అమ్మ చెవిన పడితే పున్నమి దాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి కూర్చున్నాక అడిగింది. "ఏటే, ఆ గుంటకి ఓడలో ఏ క్లాసిచ్చారు?"

ఓడలో నెట్టు అంతంతమాత్రం, మెసేజ్ మాత్రం పోతుంది. అడిగిన ప్రశ్న అడిగినట్టే పంపాను. రెండు గంటలకి జవాబొచ్చింది. "రోజూ క్లాసే అత్తా, ఆదివారం కూడా. నాయనమ్మకి చెప్పు, చచ్చిపోతున్నాను."

నవ్వుకుంటూ చదివి వినిపిస్తే అమ్మ నవ్వలేదు. "అది కాదు. గదిచ్చారా, డెక్కు మీదేనా?"

అప్పుడు అర్థమైంది నాకు. మా ఇంట్లో ఓడ అన్న మాట వస్తే అది తాతయ్య ఓడే, అమ్మ వాళ్ల నాన్న ఎక్కింది. ఆయన పద్దెనిమిదేళ్లప్పుడు గోపాలపురంలో ఎక్కి రంగం పోయాడు. రంగూన్ అని మేమెవరమూ అనలేదు, ఇంట్లో ఎప్పుడూ రంగమే. ఓడ ఒడ్డుకి రాదు, దూరంగా లంగరేసుకుంటుంది. తాళ్లతో కుట్టిన మసులా పడవల్లో అలలు దాటించి జనాన్ని దాని దగ్గరకి చేర్చేవాళ్లు. అదెక్కేలోపే సగంమంది వాంతులు. పైన డెక్కు మీద చాప పరిచినంత మేర ఎవరి చోటు వారిది. వానొస్తే ఆ చాపే కప్పుకోవాలి. ప్రయాణం ఎన్ని రోజులన్నది మాత్రం అమ్మ చెప్పిన ప్రతిసారీ మారుతుంది. అక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. 1942లో జపాన్ వాళ్లు వచ్చిపడితే ఓడ దొరకలేదు. అడవుల్లో, కొండల్లో పడి వేలమందితో పాటు నడిచి వచ్చేశాడు. వచ్చిన రెండేళ్లకి అమ్మ పుట్టింది. గోపాలపురం ఇక్కడికి పదిహేను కిలోమీటర్లు. తాతయ్య మళ్లీ ఒక్కసారి కూడా అటు వెళ్లలేదట.

"గదే అమ్మా. మంచం, బాత్రూం అన్నీ ఉన్నాయి. ఇంకో అమ్మాయి తోడుంది" అన్నాను. నమ్మినట్టు తలూపింది గానీ, కాసేపాగి "వానొస్తేనో?" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. కిటికీ ఉందమ్మా, మూసుకుంటుంది అన్నాను.

పోయిన వారం మారిషస్‌లో ఆగినప్పుడు వీడియో కాల్ చేసింది బుజ్జి. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవుందని, ఒక కొట్టులో ముసలావిడ తన ఇంటిపేరు చెప్పి మీదే ఊరని అడిగిందని. ఆవిడకి తెలుగు రాదు, మా పిల్లకి వచ్చిందీ అంతంతే. ఇద్దరూ ఇంగ్లీషులో తెలుగువాళ్లమని చెప్పుకున్నారట. ఒకప్పుడు చెరకు తోటల్లో కూలికి ఓడెక్కించిన మనవాళ్ల సంతతి. ఆ ఓడల్లో ఎవరికి ఏ క్లాసిచ్చారో అడగక్కర్లేదు.

సాయంత్రం ఆరింటికి ఫోటో వచ్చింది. నేను చూసి గబుక్కున ఫోన్ బోర్లా పెట్టేశాను. అమ్మ కళ్లు చూపు తగ్గాయంటుంది గానీ ఇలాంటివి మాత్రం తప్పించుకోలేం.

నున్నటి గుండు. పక్కన మరో ఇద్దరు అమ్మాయిలు, వాళ్లకీ గుండే. భూమధ్యరేఖ దాటేటప్పుడు నెప్ట్యూన్ డే అని చేస్తారట. నెత్తిన ఏదో పచ్చటి జావ పోస్తారు, చచ్చిన చేపని ముద్దు పెట్టుకోవాలి, ధైర్యం ఉన్నవాళ్లు గుండు గీయించుకుంటారు. సముద్రదేవుడికి మొక్కులాంటిదన్నమాట. ఇలా సర్దిచెప్పాలని చూశాను.

"ఆ దేవుడెవరో మనకెందుకు? తిరుపతి మొక్కు అలాగే ఉంది దానికి. ఏడో ఏట టైఫాయిడొస్తే నేనే మొక్కాను. మీ అన్నయ్య తాత్సారం చేశాడు." ఇంకాస్త ఆలోచించి, "అక్కడ తీసిన జుట్టు ఏం చేశారో కనుక్కో" అంది.

ఇంకో నాలుగు రోజుల్లో కొచ్చి చేరతారు. బరంపురం రావడం కుదరదట. ఓడ చెప్పిన గంటకల్లా ఎక్కకపోతే తర్వాతి రేవులో దిగనివ్వకుండా గంటల తరబడి ఆపేస్తారు. అందుకే మేమే పార్సిల్ పంపుదామనుకున్నాం, కొచ్చిలో అన్నయ్య స్నేహితుడి ఇంటికి. అమ్మ చెబుతుంటే లిస్టు రాశాను. అప్పడాలు రెండు కట్టలు. మాగాయ, సీసాలో వద్దు, ప్యాకెట్లో. సున్నుండలు. వాంతులకి నిమ్మకాయ ఉప్పులో ఎండబెట్టింది.

దీపం పెట్టి, చుక్కను చూసి, రెండు ముద్దలు తిని మంచమెక్కాక మళ్లీ పిలిచింది. లిస్టు తెమ్మంది. అన్నిటికన్నా పైన రాయించింది. గుంటగలగరాకు నూనె, అరలీటరు.