కొలువులో తృప్తి, అకామాలో మెలిక

ఉమ్మడి కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్ వచ్చి ఇళ్లలో డ్రైవర్లుగా, వంటవాళ్లుగా పనిచేసేవారిని ఇక్కడి కంపెనీలో లెక్కలు రాసుకునే నేను ఏళ్ల తరబడి చూస్తున్నాను. ఒకే రకమైన ఇంట్లో, ఇంచుమించు ఒకే జీతానికి చేరిన ఇద్దరిలో ఒకడు కుదురుకుంటాడు, మరొకడు గడువు తీరకముందే తిరిగిపోతాడు. తిరిగిపోయినవాడి గురించి ఊళ్లో “వానికి నిలకడ లేదు” అనేస్తారు. ఆ తీర్పులో నిజం లేకపోలేదు కాని, ఎంత ఉందన్నదే ప్రశ్న.

2002లో తిమోతీ జడ్జ్, మరో ఇద్దరు పరిశోధకులు పాత అధ్యయనాలలోని 163 నమూనాలను ఒకచోట చేర్చి, స్వభావానికీ ఉద్యోగ తృప్తికీ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టారు. ఆందోళనపడే స్వభావం పెరిగేకొద్దీ తృప్తి తగ్గుతుందని (సహసంబంధం, అంటే రెండింటి ముడి ఎంత గట్టిదో 0 నుంచి 1 లోపు చెప్పే అంకె, మైనస్ 0.29; మైనస్ అంటే ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుందని), బాధ్యతగా పనిచేసే గుణం (0.26), కలుపుగోలుతనం (0.25) ఉన్నవారిలో తృప్తి ఎక్కువని తేలింది. కొత్తదనం మీది ఆసక్తికి వచ్చిన అంకె 0.02 మాత్రమే, దేశం దాటేవాడికి అదే ముఖ్యమని మనం అనుకుంటాం కాబట్టి నాకది వింతగా తోచింది. అయితే మనస్తత్వ శాస్త్రం స్వభావాన్ని కొలిచే ఐదు ప్రధాన గుణాలనూ (పై నాలుగూ వాటిలోవే) కలిపి చూసినా, మనుషుల తృప్తిలో కనిపించే తేడాలలో వాటితో ముడిపడినది సుమారు ఆరో వంతే.

కువైట్‌లో మనవాళ్లు ఖాదిం వీసా అనే 20వ నంబరు వీసా ఇంటిపనివారిది, షూన్ వీసా అనే 18వ నంబరు వీసా ప్రైవేటు కంపెనీలది. ఇంటిపనివారికి రోజుకు 12 గంటలకు మించి పని ఉండరాదనీ, వారానికి ఒకరోజు సెలవివ్వాలనీ 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతున్నా, అది అమలయ్యేది కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇంటి నాలుగు గోడల మధ్య. అక్కడ మంచి గుణమే ఎదురు తిరగడం చూశాను. బాధ్యత గలవాడు మామూలు కొలువులో మెప్పో పైమెట్టో పొందుతాడు; నమ్మకస్తుడని పేరు తెచ్చుకున్న ఇంటి డ్రైవరుకు మాత్రం యజమానురాలి చెల్లెలి పిల్లలను బడికి దింపే పని కూడా వచ్చి చేరుతుంది, జీతం కదలదు. “పిలిస్తే పలకడమే నా తప్పయిందన్నా” అని అలాంటివాడొకడు నాతో అన్నాడు. కలుపుగోలు మనిషిని ఎడారిలోని జాఖూర్‌లో (పశువుల దొడ్డిలో) గొర్రెల కాపలాకు పెడితే, వాడి గుణం వాడికి పనికొచ్చేది ఫోన్‌లో ఛార్జింగ్ ఉన్నంతసేపే.

యజమానినీ వృత్తినీ మార్చినా మనిషి తృప్తి స్థాయి కొంతవరకు అలాగే ఉంటుందని 1985లో స్టా, రాస్ అనే పరిశోధకులు అమెరికా పురుషుల సమాచారంతో చూపారు. కాదనను. అయితే వాళ్లు ఒకరి అనుమతి లేకుండానే కొలువు మారగలవారు. ఇక్కడ 2024 జులై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు, కఫీల్ ఒప్పుకుంటే, 20 నుంచి 18కి మారే వీలు కల్పించారు. ఆ వీలుతో ఒక సామాన్ల దుకాణంలో వ్యాన్ డ్రైవరుగా మారిన మా వైపు మనిషి ఇప్పటికీ ఆందోళనపరుడే; జీతం బ్యాంకులో పడిందా లేదా అని నెలనెలా నన్నే అడుగుతాడు, ట్రాఫిక్ జరిమానా పడుతుందేమోనని నిద్ర పాడుచేసుకుంటాడు. జీతమూ పెద్దగా పెరగలేదు. కాని పని ఎన్నింటికి ముగుస్తుందో తెలుసు, శుక్రవారం కువైట్ నగరంలోని మాలియాకు వచ్చి మనవాళ్లతో కూర్చోగలడు. పాత ఇంట్లో ఉన్నన్నాళ్లూ తిరుగు టికెట్ గురించే మాట్లాడినవాడు, ఈసారి అకామా (ఇక్కడ ఉండేందుకిచ్చే నివాస అనుమతి) మరో రెండేళ్లు పొడిగించమని తానే వెళ్లి అడిగాడు.