సూసైడల్ టెండెన్సీస్ తొలి ఆల్బమ్: హార్డ్‌కోర్‌లోకి గిటార్ సోలో వచ్చిన వేళ

వడిగా, గరుకుగా సాగే హార్డ్‌కోర్ పంక్, బరువైన గిటార్ ధ్వని ఉన్న మెటల్ కలిసిన రాక్ శైలిని క్రాస్‌ఓవర్ త్రాష్ అంటారు. దాని చరిత్రను చాలామంది డి.ఆర్.ఐ. బృందం 1987లో విడుదల చేసిన ‘క్రాస్‌ఓవర్’ నుంచి మొదలుపెడతారు. ఆ శైలికి పేరు స్థిరపడడంలో ఆ ఆల్బమ్ పాత్ర పెద్దదే. అయితే హార్డ్‌కోర్ పంక్‌కూ మెటల్‌కూ కుదిరిన ఆ పొత్తు, లాస్ ఏంజెలెస్‌లోని వెనిస్ ప్రాంతానికి చెందిన సూసైడల్ టెండెన్సీస్ బృందం 1983లో ఫ్రాంటియర్ రికార్డ్స్ అనే స్వతంత్ర సంస్థ ద్వారా తెచ్చిన తొలి ఆల్బమ్‌లోనే స్పష్టంగా వినిపిస్తుందని నా గట్టి నమ్మకం.

పన్నెండు పాటలూ కలిపి అరగంట కూడా ఉండవు. ‘వోంట్ ఫాల్ ఇన్ లవ్ టుడే’ నిమిషం పాటు సాగి ముగిసిపోతుంది. ‘ఐ సా యువర్ మమ్మీ’ మాత్రం దాదాపు ఐదు నిమిషాలు నడుస్తుంది. ఏమరీ స్మిత్ డ్రమ్స్, లూయిచ్ మయోర్గా బేస్ పూర్తిగా హార్డ్‌కోర్ పద్ధతిలోనే పరుగెడుతుండగా, గ్రాంట్ ఎస్టెస్ గిటార్ మాత్రం ఆనాటి పంక్ బృందాలు ఆడంబరమని దూరం పెట్టిన సోలోలను, అంటే గిటార్ ఒక్కటే ముందుకు వచ్చి పలికే భాగాలను, ఏ సంకోచమూ లేకుండా అందుకుంటుంది. ఈ ఆల్బమ్‌కు ప్రాణం ఆ సోలోలలోనే ఉంది. వేగం తగ్గకుండానే పాటకు మెటల్ బరువు వచ్చి చేరడం ఇక్కడ చెవికి తెలుస్తుంది.

ఆల్బమ్‌కు పేరు తెచ్చిన ‘ఇన్‌స్టిట్యూషనలైజ్డ్’ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇందులో గాయకుడు మైక్ మ్యూర్ చరణాలను పాడడు, మాట్లాడతాడు. తన గదిలో ఆలోచనలో మునిగి కూర్చున్న ఒక కుర్రవాడు తల్లిని పెప్సీ మాత్రమే అడుగుతాడు. ఆమె ఆ మాట వినిపించుకోకుండా అతడు మత్తులో ఉన్నాడని తీర్మానిస్తుంది. మొదట నిదానంగా, సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు మొదలైన ఆ గొంతు, మాటకు మాట తోడై ఉక్రోషం పెరిగేకొద్దీ వడి అందుకుంటుంది. వెనుక వాద్యాలు కూడా ఆ గొంతుతోపాటే బిగుసుకుంటూ వచ్చి, పల్లవి దగ్గర ఒక్కసారిగా విరుచుకుపడతాయి. వేగం ఇక్కడ అలంకారం కాదు, ఆ కుర్రవాడి మనఃస్థితి. అతడి వాదన వినే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఈ పాట వీడియో ఎంటీవీలో ప్రసారమైంది. 1984లో వచ్చిన ‘రెపో మ్యాన్’ సినిమాలోనూ పాట వినిపించింది. స్వతంత్ర సంస్థ విడుదల చేసిన హార్డ్‌కోర్ పాటకు ఆ రోజుల్లో అది చాలా అరుదైన గౌరవం.

నిర్మాత గ్లెన్ ఫ్రీడ్‌మన్ స్కేట్‌బోర్డింగ్, పంక్ ఛాయాచిత్రాలకు పేరుపొందినవాడు. బృంద సభ్యులు తలకిందులుగా వేలాడుతున్న ముఖచిత్రం కూడా ఆయన తీసినదే.

1987 నాటి రెండో ఆల్బమ్ ‘జాయిన్ ద ఆర్మీ’కి ఎస్టెస్ స్థానంలో రాకీ జార్జ్ వచ్చాడు, మెటల్ పాలు మరింత పెరిగింది. 1993లో బృందం ఈ తొలి ఆల్బమ్ పాటలను ‘స్టిల్ సైకో ఆఫ్టర్ ఆల్ దీస్ ఇయర్స్’ పేరుతో మళ్లీ రికార్డు చేసింది. వాయిద్యంలో చేయి తిరిగినతనం, ధ్వనిలో నిండుదనం అందులోనే ఎక్కువ. అయినా ఎవరైనా అడిగితే నేను 1983 నాటి రికార్డునే వినమంటాను. ఇంట్లో తన మాట చెల్లని కుర్రవాడి గొంతుకు ఆ పలుచని, గరుకు ధ్వనే సరిగ్గా అమరింది.