దగ్గు మందుకూ క్యాన్సర్ మందుకూ పడదని తేల్చుకోవడానికి పడిన పాట్లు: నా అనుభవం

మా అమ్మకు సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్. మొదట ఇమాటినిబ్ వాడాం. అది సరిగా పనిచేయడం లేదని నిలోటినిబ్‌కు మార్చారు. రోజూ రెండు పూటలా ఖాళీ కడుపుతో వేసుకోవాలి. మందుకు ముందు రెండు గంటలు, తర్వాత ఒక గంట ఏమీ తినకూడదు. అమ్మ ఈ నియమాన్ని ఏకాదశి ఉపవాసం కన్నా నిష్ఠగా పాటిస్తుంది.

ఈ మధ్య దగ్గు, జ్వరం పట్టుకుంటే చిత్తూరులో మా ఇంటికి దగ్గర్లో ఉన్న క్లినిక్‌కు తీసుకెళ్లాను. ఎక్స్‌రే, రక్తపరీక్ష ఇబ్బంది లేకుండా అయిపోయాయి. ఛాతీలో నిమ్ము ఉందని డాక్టరు క్లారిత్రోమైసిన్ 500 రెండు పూటలా రాశారు. దానికి తోడు అందరికీ రాసే గ్యాస్ మాత్ర, పాంటోప్రజోల్, డాంపెరిడోన్ కలిపినది.

నేను ఫైలు ముందుకు జరిపి, "సార్, అమ్మ నిలోటినిబ్ వాడుతోంది, దానికీ దీనికీ పడుతుందా?" అని అడిగాను. ఆయన ఫైలు తెరవనైనా లేదు. "నెట్టులో చదువుకొచ్చి నాకు పాఠం చెబుతారా? ఇక్కడ డాక్టరు మీరా, నేనా?" అని గట్టిగా అరిచారు. తలుపు తెరిచే ఉంది. బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా మా వైపు తిరిగారు. అమ్మ నా కొంగు పట్టుకుని లాగుతూ, "ఊరుకోవే, పెద్దాయనకు కోపం తెప్పించకు" అంది. "క్యాన్సర్ సంగతి క్యాన్సర్ డాక్టరునే అడగండి, నేను దగ్గుకు రాశాను" అని ఆయన చీటీ మా మీదికి తోశారు. కాంపౌండరు ఫైలు తీసి నా చేతిలో పెట్టి తర్వాతి నంబరు పిలిచాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. దగ్గు ఒకరికి, క్యాన్సర్ ఇంకొకరికి వచ్చిందా? రెండు మందులూ చేరేది ఒకే ఒంట్లోకి కదా!

నేను జీవశాస్త్రం టీచరును. ఈ విషయం తొమ్మిదో తరగతి పిల్లలకైనా అర్థమయ్యేలా చెప్పగలను. నిలోటినిబ్‌ను విచ్ఛిన్నం చేసే ముఖ్యమైన ఎంజైము కాలేయంలోని సీవైపీ 3ఏ4. క్లారిత్రోమైసిన్ ఆ ఎంజైమునే గట్టిగా అడ్డుకుంటుంది, దాంతో క్యాన్సర్ మందు రక్తంలో పేరుకుపోతుంది. పైగా నిలోటినిబ్ గుండె ఈసీజీలో క్యూటీ అనే వ్యవధిని పెంచుతుంది. క్లారిత్రోమైసిన్, డాంపెరిడోన్ కూడా అదే పని చేస్తాయి. అది మితిమీరితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. 2007లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడే ఈ హెచ్చరికను గడి కట్టి మందు సమాచార పత్రంలో అన్నిటికన్నా పైన వేశారు. ఇక పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గించి నిలోటినిబ్ ఒంటికి సరిగా పట్టకుండా చేస్తుంది. ఒక్క చీటీలో ఇన్ని!

మందుల షాపతను "అందరూ వాడేవేనమ్మా, ఏమీ కాదు" అంటూ కత్తెర తీశాడు. చీటీ వెనక్కి లాక్కున్నాను. క్యాన్సర్ చికిత్స జరిగే తిరుపతి ఆసుపత్రికి ఫోను చేస్తే ఒకరి నుంచి ఒకరికి కలిపి చివరికి కట్ చేశారు. మరుసటి ఉదయం అమ్మను బస్సులో తీసుకెళ్లాను. ఓపీ కౌంటర్లో "మీ తేదీ ఇవాళ కాదు" అన్నారు. వాళ్లతో వాదించకుండా నేరుగా ఫార్మసీ కిటికీ దగ్గరికి వెళ్లాను.

అక్కడ ఫార్మ్-డి చదువుతూ శిక్షణలో ఉన్న అమ్మాయి ఒకరు అమ్మను కూర్చోబెట్టి, బీపీ మాత్ర దగ్గర నుంచి ఇంట్లో కాచుకునే కషాయం దాకా అన్నీ అడిగి తెల్లకాగితం మీద రాసుకుంది. కంప్యూటర్లో ఒక్కొక్కటీ సరిచూసి, తనే డ్యూటీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఈసీజీ తీశారు, పొటాషియం, మెగ్నీషియం చూశారు. అన్నీ బాగున్నాయి. గ్యాస్ మాత్ర తీసేసి, యాంటీబయోటిక్‌ను అమాక్సిసిలిన్-క్లావ్యులనేట్‌కు మార్చారు. అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్ కూడా క్యూటీని పెంచేవే కాబట్టి ఎవరైనా రాస్తే ముందు తమను అడగమని ఆ అమ్మాయి చెప్పింది. ఇంత ఓపిక ఉన్న పిల్లలను కిటికీ వెనక కూర్చోబెట్టి, కసురుకునేవాళ్లను కుర్చీలో కూర్చోబెడుతున్నాం.

ఇంట్లో క్యాన్సర్ మందు వాడేవారుంటే మందుల అసలు పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. కంపెనీ పేర్లు చాలవు. అనుమానం వచ్చిందని క్యాన్సర్ మందును మాత్రం సొంతంగా ఆపకండి. ఫైలు తెరవని డాక్టరు దగ్గర ఫీజు పోయినా సరే, లేచి వచ్చేయండి.

అమ్మకు దగ్గు తగ్గింది. తిరుపతి డాక్టరు పాత చీటీలోని రెండు మందుల మీదా అడ్డగీత కొట్టి, పక్కనే కారణం రాసి సంతకం పెట్టారు. దానికి జిరాక్స్ తీయించాను. రేపు బడి అయ్యాక ఆ క్లినిక్‌కు వెళ్లి పెద్దాయన చేతికే ఇచ్చి వస్తాను.