ఆరేళ్ల గడువు, అడుగున ఓ నోట్

హెచ్‌-1బి అనే అమెరికా ఉద్యోగ వీసా మీద నాకు ఆరేళ్లు నిండబోతున్నాయి. నా గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ ఎప్పుడో ఆమోదమైంది కానీ ఈబీ-2 అనే గ్రీన్‌కార్డ్ కేటగిరీలో ఇండియా క్యూ కదిలితేనా! కంపెనీ లాయర్ల నుంచి ఒకే వాక్యం మెయిల్ వచ్చింది: "ఏసీ21 కింద మూడేళ్ల ఎక్స్‌టెన్షన్ వేస్తున్నాం." ఏసీ21 అనేది 2000లో వచ్చిన ఓ చట్టం. లాయర్ల మీద అనుమానమేమీ లేదు. అయినా ఇంటి అద్దె, పిల్లాడి బడి అన్నీ ఆ వాక్యం మీదే ఉన్నప్పుడు, చట్టంలో ఏం రాసి ఉందో నా కళ్లతో చూడాలనిపించింది.

అమెరికాలో అందరికీ వర్తించే శాశ్వత ఫెడరల్ చట్టాలను విషయాల వారీగా కూర్చిన పుస్తకం యు.ఎస్. కోడ్. ప్రతినిధుల సభకు చెందిన లా రివిజన్ కౌన్సెల్ ఆఫీసు దాన్ని తయారుచేసి తన సైట్‌లో ఉచితంగా పెడుతుంది. ఒక్కో విషయానికి ఒక్కో టైటిల్ (విభాగం). వలసల సంగతి 8వ టైటిల్, హెచ్‌-1బి నిబంధనలు అందులో 1184వ సెక్షన్. తెరిచాను. (జి)(4)లో ఉన్నది ఒకే మాట: ఆరేళ్లకు మించకూడదు. మినహాయింపు ఊసే లేదు. టెన్షన్ మొదలైంది.

దానికి కాస్త పైన, ఏటా ఎన్ని హెచ్‌-1బిలు ఇవ్వొచ్చో చెప్పే కోటా అంకెలున్నాయి. 1999, 2000 సంవత్సరాలకు 1,15,000 చొప్పున, 2001 నుంచి 2003 దాకా ఏటా 1,95,000, ఆ తర్వాత 65,000. ఇంత పాత అంకెలు చూస్తే ఎవరికైనా ఇదేదో పాత ప్రతి అనిపిస్తుంది. కాదు, తాజాదే. వాటిని తీసేయమని కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చెప్పలేదు. కాలం చెల్లినవే అయినా సొంతంగా కొట్టేసే అధికారం ఆ ఆఫీసుకు లేదు.

కోడ్ ఎలా తాజా అవుతుందో తెలుసుకోక తప్పలేదు. అధ్యక్షుడు సంతకం చేశాక బిల్లుకు పబ్లిక్ లా నంబరు పడుతుంది. అందులో చాలా భాగం "ఫలానా చోట ఫలానా మాట తీసి ఈ మాట పెట్టండి" అనే ధోరణిలోనే ఉంటుంది. ఏ ముక్క ఏ సెక్షన్‌లోకి వెళ్లాలో ఆ ఆఫీసు లాయర్లు తేల్చి, ఒక పట్టికలో వేసి, ఆ తర్వాత అసలు పాఠాన్ని మారుస్తారు. పాత చట్టాన్ని సవరిస్తున్నామని చెప్పకుండా కాంగ్రెస్ విడిగా రాసిన నిబంధన కూడా అమల్లో ఉండే చట్టమే. అలాంటివాటిని చాలాసార్లు దగ్గరి సెక్షన్ కింద నోట్‌గా పెడతారు.

నాకు కావలసింది అలా నోట్‌లో పడిందే. సైట్‌లో చట్టాన్ని పేరుతో వెతికే పట్టిక ఉంది. ఏసీ21 అంటే 2000 అక్టోబరు 17న వచ్చిన పబ్లిక్ లా 106-313. అది ముక్కలై తలోచోటికీ వెళ్లింది. ఉద్యోగం మారే వెసులుబాటు 1184(ఎన్)లో చేరింది. మన ఎక్స్‌టెన్షన్లకు ఆధారమైన 104(సి), 106(ఎ), 106(బి)లకు కోడ్‌లో సెక్షన్ నంబరే లేదు. 1184 కింద, ఏ ఏడాది ఏం మారిందో చెప్పే ఎడిటోరియల్ నోట్స్ దాటి, స్టాట్యుటరీ నోట్స్‌లో ఉన్నాయి. 106కు 2002లో జరిగిన సవరణ కూడా అక్కడి పాఠంలో కలిసిపోయే ఉంది. సెక్షన్ చదివి పేజీ మూసేసినవాడికి ఇవేవీ కనబడవు.

ఇంకో చిక్కు. 104(సి)లో "మూడేళ్లు" అనే మాట లేదు. గ్రీన్‌కార్డ్ దరఖాస్తు తేలేవరకు పొడిగించవచ్చని మాత్రమే ఉంది. మూడేళ్ల లెక్క 2017 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రెగ్యులేషన్‌లో, అంటే చట్టం అమలుకు ప్రభుత్వ శాఖ రాసుకున్న నియమాల్లో, దొరికింది. రెగ్యులేషన్లకు వేరే కోడ్ ఉంది.

పాఠం ఎప్పటిదో కూడా చూసుకోవాలి. ఆఫీసులో ఒకాయన పంపిన పీడీఎఫ్ అచ్చు ఎడిషన్‌ది. పూర్తి ఎడిషన్ ఆరేళ్లకోసారి వస్తుంది, మధ్యలో ఏటా అనుబంధాలు వేస్తారు. సైట్‌లో అయితే పేజీ పైనే తేదీ ఉంటుంది, ఏ పబ్లిక్ లా వరకు కలిపారో కూడా చూడొచ్చు. ఆ నంబరు తర్వాత వచ్చిన చట్టాలేవైనా 1184ను ముట్టుకున్నాయేమో ఏ ముక్క ఏ సెక్షన్‌లోకి వెళ్లిందో చూపే పట్టికలో చూశాను. లేవు.

కోడ్‌లో లేనంత మాత్రాన చట్టం పోయినట్టూ కాదు. బ్యాంకులు బీమా అమ్మడానికి సంబంధించిన ఒక సెక్షన్‌ను 1918లోనే రద్దయిందనుకుని 1952 ఎడిషన్‌లో వదిలేశారు. అది రద్దు కానేలేదని సుప్రీంకోర్టు 1993లో తేల్చింది. గొడవంతా కొటేషన్ గుర్తులు ఎక్కడ పడ్డాయన్న దాని మీదే! కాంగ్రెస్ టైటిల్‌నే చట్టంగా ఆమోదించని 8వ టైటిల్ లాంటివాటిలో తేడా వస్తే నిలిచేది కోడ్ కాదు, కాంగ్రెస్ ఆమోదించిన పాఠాలను వరసగా అచ్చువేసే స్టాట్యూట్స్ ఎట్ లార్జ్. అందుకే 106-313ను అందులో కూడా తీసి పోల్చుకున్నాను. 104(సి) రెండుచోట్లా ఒకటే.

ఎక్స్‌టెన్షన్ వచ్చింది, మూడేళ్లకే. విషయం తెలిసి డాలస్ నుంచి బావమరిది ఫోన్ చేశాడు: "బావా, నాకింకా ఐ-140 రాలేదు, ఆరో ఏడు నడుస్తోంది, ఎలా?" ఐ-140కి ముందు కంపెనీ వేసే లేబర్ సర్టిఫికేషన్ దరఖాస్తు వేసి ఏడాది దాటిందా అని అడిగాను. దాటిందన్నాడు. అయితే 1184 కింది నోట్స్‌లోనే 106(ఎ), దాని పక్కనే 106(బి) చదవమన్నాను. వాడికి ఏడాది చొప్పున ఇస్తారు.