సీఏ అయ్యాక ఉద్యోగమా, ప్రాక్టీసా: నా అనుభవం

2022 ఫిబ్రవరి 10న సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) ఫైనల్ ఫలితాలు వచ్చాయి. నాకు మిగిలింది రెండో గ్రూపు ఒక్కటే. అప్పట్లో ప్రతి పేపరులో కనీసం 40, నాలుగూ కలిపి 200 రావాలి. 213 వచ్చాయి. అమ్మ ఏడ్చేసింది. బాపు మాత్రం కాసేపు ఊరుకుని, "ఇగ నువ్వు సంతకం పెట్టొచ్చా బిడ్డా?" అని అడిగాడు.

బాపు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక ఆడ్తి దుకాణంలో (రైతు సరుకును కమిషన్ మీద అమ్మిపెట్టే దుకాణం) 27 ఏళ్లుగా గుమస్తా. చిట్టా రాసేది, ఖాతాలు కట్టేది, రైతుకు తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, రాసిచ్చేది ఆయనే. ఎప్పుడూ సంతకం మాత్రం సేటుదే. అందుకే ఆ ప్రశ్న. "ఇంకా లేదు బాపూ" అన్నాను. పాసైతే సరిపోదు, సీఏల ఇన్‌స్టిట్యూట్‌లో సభ్యత్వం తీసుకోవాలి. ఆడిట్ మీద సంతకం పెట్టాలంటే దాని మీద సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్, అంటే సొంతంగా వృత్తి చేసే అనుమతిపత్రం, కూడా ఉండాలి. మేమందరం సీఓపీ అంటాం. ఫుల్‌టైమ్ ఉద్యోగంలో ఉంటూ ఆడిట్ సంతకాలు పెట్టడం కుదరదు. అంటే ఉద్యోగమా, ప్రాక్టీసా అన్నది ఎప్పుడో ఒకప్పుడు తేల్చుకోక తప్పదు.

సలహాలకు కొదవ లేదు. మేనమామ బ్యాంకు ఉద్యోగం అన్నాడు. పెద్దమ్మ "హైదరాబాద్ కంపెనీల జేరితే సంబంధాలు మంచిగొస్తయి" అంది. నాతో చదివినవాళ్లలో ఎక్కువమంది క్యాంపస్ ఇంటర్వ్యూలకు నమోదు చేసుకున్నారు. నేనూ చేసుకున్నాను. మనసు మాత్రం హన్మకొండలో, ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర చేసే శిక్షణ) చేసిన ఆఫీసులోనే ఉంది. ఎందుకో చెప్పాలంటే ఒక జిన్నింగు మిల్లు (పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లు) సంగతి చెప్పాలి.

ఆర్టికల్‌షిప్ రెండో ఏడాది ఆ మిల్లు టాక్స్ ఆడిట్‌కు (ఆదాయపు పన్ను కోసం చేసే లెక్కల తనిఖీ) నన్ను పంపారు. వ్యాపారంలో ఒక మనిషికి ఒక రోజులో 10,000 రూపాయలు దాటి నగదు చెల్లిస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చును ఒప్పుకోరు. అయితే పంట పండించిన రైతుకే నేరుగా నగదు ఇస్తే ఆ నిబంధన వర్తించదు. పత్తి మిల్లులన్నీ ఈ మినహాయింపు మీదే నడుస్తాయి. జీఎస్టీలోనూ రైతు విషయం వేరు. 2017 నవంబరు 15 నుంచి రైతు దగ్గర కొన్న పత్తికి పన్ను మిల్లే కట్టాలి, అదీ రివర్స్ చార్జ్ (అమ్మినవాడి బదులు కొన్నవాడే పన్ను కట్టడం) కింద జీఎస్టీ ఖాతాలో వేసిన డబ్బు నుంచి కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి, అంటే తన పన్నులో తగ్గించుకోవాలి. కాబట్టి అమ్మినవాడు నిజంగా రైతేనా అన్నది రెండు పన్నులకూ మూలం. పుస్తకంలో అది ఒక్క మాట. మిల్లులో అది వేల చీటీలు.

ఆ చీటీలు తిరగేస్తుంటే ఒకే పేరు మళ్లీ మళ్లీ కనిపించింది. రాయపర్తి వైపు ఒక ఊరి మనిషి. సీజన్ మొత్తం మీద 140 క్వింటాళ్లు అమ్మినట్టు ఉంది. ఫైల్‌లో పెట్టిన పాస్‌పుస్తకం నకలులో భూమి రెండెకరాలు. నేను పట్టణంలో పెరిగిన పిల్లను, రెండెకరాల్లో ఎంత పత్తి వస్తుందో నాకు తెలియదు. రాత్రి అన్నం తింటూ బాపును అడిగాను. ముద్ద ఆపి నా వైపు చూశాడు. "రెండెకరాలోడు నూట నలభై క్వింటాళ్లు యాడికెల్లి తెస్తడు బిడ్డా? మంచిగ పండితే ఎకరాకు పది. గాయిన దళారి గావొచ్చు. ఊర్ల జమచేసి తన పేరు మీద తోలుతుండు."

మర్నాడు ఆఫీసు నడిపే సీఏ సార్‌కు చెప్పాను. ఆయన మిల్లు యజమానిని పిలిపించి కూర్చోబెట్టారు. ఆ ఒక్క పేరే కాదు, అలాంటివి మొత్తం ఆరు తేలాయి. వాళ్లకు ఇచ్చిన నగదును రిపోర్టులో చూపించారు. యజమానికి కోపం వచ్చింది, పన్ను కట్టాడు, ఆ తర్వాత ఏడాది నుంచి వ్యాపారుల దగ్గర కొన్నదానికి బ్యాంకులోనే చెల్లించాడు. మూడేళ్ల ఆర్టికల్‌షిప్‌లో నాకు గుర్తుండిపోయిన పని అదే. బాపుకు తెలిసినదీ నేను చదివినదీ ఆ ఒక్క చీటీ దగ్గర కలిశాయి.

ఇంత తెలిసీ ముందు ఉద్యోగంలోనే చేరాను. కారణం డబ్బు. నా చదువుకు చేసిన అప్పు ఇంకా ఉంది, తమ్ముడు ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉన్నాడు. క్యాంపస్‌లో గచ్చిబౌలిలోని ఒక విదేశీ కంపెనీ అకౌంటింగ్ సెంటర్ నుంచి ఆఫర్ వచ్చింది. నెలకు చేతికి 62,000. జూన్‌లో చేరాను.

ఆ పద్నాలుగు నెలలను తక్కువ చేసి చెప్పను. నా పని కొనుగోళ్ల మీద నియంత్రణలు పరీక్షించడం. ఆర్డరు, సరుకు అందిన రసీదు, బిల్లు, మూడూ సరిపోయాయో లేదో 25 శాంపిళ్లలో చూడాలి. చూసినదాన్ని మరో దేశంలో కూర్చున్న, నన్ను ఎప్పుడూ చూడని మనిషి చదివి మళ్లీ అదే పని చేయగలిగేలా రాయాలి. హన్మకొండలో మేం పెన్సిల్‌తో టిక్కు పెట్టి వదిలేసిన చోట అక్కడ నాలుగు వాక్యాలు రాయాలి. ఆ అలవాటు ఈ రోజుకూ నన్ను కాపాడుతోంది.

కానీ ఆ సరుకును నేనెప్పుడూ చూడలేదు. అది ఏ ఊరి గోదాములో ఉందో, దించిన మనిషి ఎవరో తెలియదు. ఒక తేడా దొరికితే నేను నా మేనేజర్‌కు, ఆమె ఇంకొకరికి రాయాలి. ఆ తేడా చివరికి ఏమైందో నా దాకా వచ్చేది కాదు. ఆదివారం సాయంత్రం కాజీపేటలో రైలెక్కేటప్పుడు మార్కెట్‌లో ఆ వారం జెండా పాట, అంటే వేలం ధర, ఎంత పలికిందో బాపు చెప్పేవాడు. ఆ మాటలు నాకు ఆఫీసు పని కంటే బాగా అర్థమయ్యేవి.

అప్పు తీరాక ఆర్టికల్‌షిప్ సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన మెచ్చుకోలేదు, వద్దనలేదు. "మొదటి ఏడాది ఏమీ రాదమ్మా. ఏడాది ఇంటి ఖర్చు, ఆఫీసు అద్దె బ్యాంకులో పెట్టుకుని రా. ఆ డబ్బు లేకపోతే చేయకూడని పనికి సంతకం పెడతావు" అన్నారు. ఈ నిర్ణయంలో నాకు పనికొచ్చిన మాట ఇదే. ఇష్టం, కల అని చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. లెక్క చెప్పింది ఆయనొక్కరే.

ఆ రాత్రి లెక్క వేశాను. ఆఫీసు అద్దె 7,000. కరెంటు, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్ కలిపి 4,000. ఇంట్లో ఇవ్వాల్సింది 15,000. నెలకు 26,000 చొప్పున ఏడాదికి 3,12,000. నా దగ్గర 2,40,000 ఉంది. ఇంకో మూడు నెలలు ఉద్యోగం చేసి, 2023 ఆగస్టులో రాజీనామా ఇచ్చాను. పెద్దమ్మ రెండు నెలలు మాట్లాడలేదు.

అక్టోబరులో సీఓపీ వచ్చింది. నక్కలగుట్టలో ఒక మెడికల్ షాపు పైన గది. మేం ప్రకటనలు ఇవ్వకూడదు, పనికోసం మనుషులను అడగకూడదు, అది అప్పటి వృత్తి నియమం. బోర్డు పెట్టి కూర్చోవాలి, వచ్చినవాళ్ల పని బాగా చేయాలి, వాళ్లు ఇంకొకరికి చెప్పాలి. మొదటి మూడు నెలల్లో వచ్చింది మొత్తం 11,400. ఎక్కువగా చిన్న దుకాణాల జీఎస్టీ రిటర్నులు. 11వ తేదీ, 20వ తేదీ అన్న రెండు గడువుల చుట్టూ నెల తిరిగేది.

జనవరిలో నర్సంపేట వైపు నుంచి ఒకాయన వచ్చాడు. కొడుకు అమెరికా చదువుకు వెళ్తున్నాడు, వీసా కోసం ఆస్తుల సర్టిఫికెట్ కావాలి. వరంగల్‌లో ఈ పని చాలా ఉంటుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ప్రావిడెంట్ ఫండ్ కాగితాలు సరిగ్గా ఉన్నాయి. భూమి దగ్గర ఆగాం. కోటీ ఇరవై లక్షలు రాయమన్నాడు. విలువ కట్టిన రిపోర్టు తెమ్మన్నాను. "వేరే కాడ గిట్ల అడుగుతలేరు మేడం" అన్నాడు. ఆయనది అబద్ధమాడే ముఖం కాదు, కొడుకు ప్రయాణం ఆగుతుందేమోనన్న భయం. ప్రతి సర్టిఫికెట్ మీదా అంకెలూ అక్షరాలూ కలిపి పద్దెనిమిది ఉండే యూడీఐఎన్ అనే గుర్తింపు నెంబరు వేయాలని, ఆ నెంబరు కొడితే అది నేనిచ్చిందేనా కాదా అని ఎవరైనా చూసుకోవచ్చని, అందులో నా సభ్యత్వ నెంబరే ఉంటుందని చెప్పాను. కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ నెల నాకు ఆ 2,500 ఫీజు చాలా అవసరం. అయినా ఆ రోజు నిద్ర పట్టింది, ఎందుకంటే బ్యాంకులో ఇంకా ఆరు నెలల ఖర్చు ఉంది. సార్ మాట అప్పుడు పూర్తిగా అర్థమైంది.

2024 వేసవిలో ఒక చిన్న జిన్నింగు మిల్లు వచ్చింది. ఆర్టికల్‌షిప్‌లో నేను చీటీలు వెతికిన మిల్లు యజమానే వాళ్లకు నా పేరు చెప్పాడట. అప్పుడు కోపం తెచ్చుకున్నది ఆయనే. ఆ ఏడాది టాక్స్ ఆడిట్ రిపోర్టుకు గడువును సెప్టెంబరు 30 నుంచి అక్టోబరు 7కు పెంచారు. ఆ వారం మొత్తం మిల్లులోనే ఉన్నాను. ప్రతి అనుమానం కింద నాలుగు వాక్యాలు రాసుకున్నాను, గచ్చిబౌలిలో నేర్చుకున్నట్టే. ఎకరాకు ఎంత అన్నది ఈసారి ఎవరినీ అడగక్కర్లేకపోయింది. అక్టోబరు 5 సాయంత్రం యూడీఐఎన్ తీసి రిపోర్టు అప్‌లోడ్ చేశాను. ఇంటికొచ్చి బాపుకు ప్రింటు చూపించాను. అద్దాలు పెట్టుకుని నా పేరు దగ్గర కాదు, నగదు చెల్లింపుల పేజీ దగ్గర ఆగాడు. "గీ మూడో పేరు మా దుకాణంల గూడ అమ్ముతడు. రైతే" అన్నాడు.

ఇప్పుడు నెలకు ఉద్యోగంలో వచ్చినంత రావడం లేదు, దగ్గరగా వస్తోంది. సార్ తన ఫర్మ్‌లో భాగస్వామిగా రమ్మంటున్నారు. బ్యాంకు ఆడిట్లు వస్తాయి, నా గది అద్దె మిగులుతుంది. కానీ ఏ పని ఒప్పుకోవాలన్నది ఇద్దరి మాటా అవుతుంది. పత్తి సీజన్ నడుస్తోంది, సంక్రాంతి తర్వాత చెబుతానన్నాను.